నల్లరేగడిలో సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఎక్కడికి వదలాలి?

పల్నాటి ఇల్లు: పల్నాడులో మా ఊళ్లో ఇల్లు కడుతున్నాం. స్థలం 8 సెంట్లు, నల్లరేగడి నేల. ముందువైపు బోరు, పెరటివైపు సెప్టిక్ ట్యాంకు. ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్లను వీధి కాల్వలోకి వదిలేద్దామంటున్నాడు మేస్త్రి. మా తమ్ముడేమో పెరట్లో కందకాలు తీసి, కంకర పోసి, చిల్లుల పైపు వేసి భూమిలోకే ఇంకించాలంటున్నాడు. ఏది మంచిదో చెప్పండి.

సైటు మేస్త్రి: కాల్వలోకే వదలండి. రేగడిలో కందకాలంటే డబ్బు దండగ. నేను కట్టిన ఇళ్లన్నిటికీ పైపు కాల్వలోకే. ఏ ఒక్కరూ ఇబ్బంది అని వెనక్కి రాలేదు.

నీటి లెక్క: వదలకండి. ట్యాంకులో మడ్డి అడుక్కు దిగుతుంది, అంతే. రోగాలు తెచ్చే క్రిములు, ఏలికపాముల గుడ్లు నీళ్లతోపాటు బయటికే వస్తాయి. సెప్టిక్ ట్యాంకులకి భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 2470 ప్రమాణం రెండో భాగం మొత్తం ఈ నీళ్ల గురించే. ముందు నేల ఎంత పీలుస్తుందో చూడాలి. కందకం ఎంత లోతు తీస్తారో అంత లోతు, జానెడు వెడల్పు గుంత తీసి, అడుగున కాస్త కంకర వేసి, రాత్రంతా నీళ్లతో నాననివ్వండి. తెల్లారి నీళ్లు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత చాలు. 30 నుంచి 60 అయితే కందకాలే. 60 దాటితే భూమిలో ఇంకించడం మానేసి ఫిల్టరు కట్టుకోవాలి. తాగునీటి బావికీ బోరుకీ 18 మీటర్ల దూరం తప్పనిసరి.

సైటు మేస్త్రి: 18 మీటర్లంటే 60 అడుగులు. పల్లెల్లో ఎవరికుందండీ అంత జాగా?

పల్నాటి ఇల్లు: మాకుంది. ముందు బోరు నుంచి పెరటి గోడకి 70 అడుగులు పైనే.

సైటు మేస్త్రి: మీకుంటే సరిపోయిందా? రూలంటే అందరికీ ఉండాలి. 60 అడుగులు లేనివాడు ఇల్లు కట్టుకోకూడదా?

నీటి లెక్క: ఆయన అడిగింది ఆయన స్థలం గురించి.

బాపట్ల అక్క: దూరం మాట తేలిగ్గా తీసెయ్యకండి. మా పక్కింటివాళ్లు మా గోడనానుకుని వరలు దించి ఇంకుడు గుంత చేశారు. మాది ఇసక నేల, నీళ్లు పైనే ఉంటాయి. ఆ వానాకాలం నుంచి మా చేతిపంపు నీళ్లు వాసన. అడిగితే ‘మా స్థలంలో మేం తవ్వుకున్నాం’ అన్నారు. ఇప్పుడు తాగడానికి క్యాన్ కొంటున్నాం.

రేగడి రైతు: ఒక్క మాట. ఆ పరీక్ష ఎండల్లో చెయ్యకండి. ఏప్రిల్లో రేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. నెర్రెల్లోకి చెయ్యి దూరుతుంది. బిందెడు నీళ్లు పోస్తే చిటికెలో మాయం. అది ఇంకడం కాదు, పగుళ్లలోకి జారిపోవడం. అదే నేల శ్రావణంలో ఉబ్బి మూసుకుపోతే చుక్క దిగదు. కందకంలో నీళ్లు పైకి తేలి పెరడంతా జిగట.

సైటు మేస్త్రి: ఇదే కదా నేను మొదట్నుంచీ చెప్పేది! కాల్వే గతి.

దిగువ వీధి: అందరూ కాల్వ కాల్వ అంటున్నారు. అది ఎక్కడికి పోతుందో ఒక్కరూ అడగలేదు. మా ఊళ్లో అది మా కాలనీకొచ్చి ఆగుతుంది. అక్కడినుంచి దారి లేదు. వానొస్తే పై వీధుల నీళ్లు మా గడపల్లోకి. మా పిల్లలు బడికి ఆ నీళ్లు దాటే వెళ్తారు. మేస్త్రి గారూ, మీ దగ్గరికి ఎవరూ వెనక్కి రాలేదంటే కారణం అది. ఇబ్బంది పడేది మీకు డబ్బులిచ్చినవాళ్లు కాదు, మేము.

సైటు మేస్త్రి: కాల్వ పూర్తిచెయ్యాల్సింది పంచాయతీ. వాళ్లనడగండి. నా మీద పడతారేం? కష్టపడి స్థలం కొన్నవాడు మీ కోసం పెరడంతా తవ్వుకోవాలా?

దిగువ వీధి: మా కోసం కాదు. మీ దొడ్డి నీళ్లు మీరే చూసుకోమంటున్నా. ఊరు కట్టినప్పుడే మమ్మల్ని పల్లంలో పెట్టారు. ఇప్పుడు మీది కూడా మేమే మొయ్యాలా?

ఫాలోయర్: మాకూ ఇదే సమస్య. చూస్తున్నా.

పల్నాటి ఇల్లు: కాల్వ సంగతి నేను ఇంత దూరం ఆలోచించలేదండీ. ఇంకో విషయం. పెరటి గోడ అవతల పక్కవాళ్ల బోరు ఉంది. గోడకి ఓ 15 అడుగులుంటుందేమో.

నీటి లెక్క: అది ముందే చెప్పాలి కదండీ! అక్కడ కందకాలు వద్దు. 18 మీటర్లు మీ బోరుకే కాదు, ఎవరి బోరుకైనా. నేల కూడా రేగడే. ట్యాంకు పక్కన నీళ్లు కింది నుంచి పైకెక్కే కంకర ఫిల్టరు కట్టించండి. దాని తర్వాత అడుగు భాగం సిమెంటు చేసిన గులకరాళ్ల మడిలో మెట్టతామర నాటండి. వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు ట్యాంకులోకి పంపకండి, వాటిని విడిగా అరటి చెట్లకి మళ్లిస్తే సగం భారం తగ్గుతుంది. ట్యాంకు రెండు మూడేళ్లకోసారి బండి పిలిపించి తీయించాలి. లేకపోతే మడ్డి వచ్చి ఏ ఫిల్టరైనా మూసుకుపోతుంది.

సైటు మేస్త్రి: సరే. వానాకాలంలో ఆ మడి నిండితే మిగిలిన నీళ్లు ఎక్కడికి? చెప్పండి. కాల్వకే!

నీటి లెక్క: కాల్వకే. కానీ ట్యాంకులోంచి నేరుగా వచ్చినవి కావు.

దిగువ వీధి: అలా పంపితే నాకు గొడవ లేదు. అయితే ప్రతి ఇంటికీ అలాగే ఉండాలి. ఒక్కరు కట్టి మిగతావాళ్లు వదిలేస్తే మాకు ఒరిగేదేం లేదు.

సైటు మేస్త్రి: ఆ ఫిల్టరు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ముందు అది చెప్పండి.

దిగువ వీధి: ఇంటి ముందు గ్రానైటు మెట్లకి ఎవరు పెడతారో వాళ్లే.