30 కౌంటు రొయ్యకూ 100 కౌంటు ధరే చూపిస్తోంది, ఎందుకు?

ఇందుకూరుపేట కుర్రాడు:
మాకు వనామీ రొయ్యల చెరువు ఉంది. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య) కొడితే కిలో ధర చెప్పే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాస్తున్నాను. ధరలు ఊరికే వేసుకున్నవి. మొదట ఇఫ్: కౌంట్ <= 100 అయితే 200. కింద ఎలిఫ్ (పై షరతు నిజం కాకపోతేనే చూసేది): కౌంట్ <= 50 అయితే 300. ఇంకో ఎలిఫ్: కౌంట్ <= 30 అయితే 400. ఎర్రర్ ఏమీ లేదు కానీ, 30 కొట్టినా 200 అంటోంది. మా నాన్న చూస్తే లాప్‌టాప్ చెరువులో వేస్తారు. ఎలిఫ్‌లన్నీ ఇఫ్‌లుగా మార్చమని స్నేహితుడు చెప్పాడు. మార్చాక సరిగ్గానే వస్తోంది. అలాగే ఉంచవచ్చా?

కావలి మాస్టారు:
ఉంచకు బాబూ. 30 కూడా 100 లోపే కదా! మొదటి షరతే నిజమైంది కాబట్టి పైథాన్ 200 రాసి బయటికి వచ్చేసింది, కింది ఎలిఫ్‌ల మొహం కూడా చూడలేదు. మీ స్నేహితుడి వైద్యం పనిచేయడం అదృష్టం. అన్నీ ఇఫ్‌లే అయితే మూడింటినీ చూస్తుంది: ముందు 200 రాస్తుంది, దాన్ని చెరిపి 300, దాన్నీ చెరిపి 400. రేపు ఎవరైనా వరస బాగుంటుందని 30, 50, 100గా మారిస్తే చివరికి మిగిలేది 200. ఎలిఫ్‌లే ఉంచు, వరస తిప్పు: ముందు 30, తర్వాత 50, ఆఖరున 100.

ఒంగోలు నుంచి:
మాస్టారు చెప్పిందే సరి. 120 కూడా కొట్టి చూడండి. ఏ షరతూ నిజం కాదు, ధర అనే పేరే పుట్టదు, ప్రింట్ దగ్గర నేమ్ ఎర్రర్ వస్తుంది. చివర ఎల్స్ (పై షరతులేవీ నిజం కాకపోతే జరిగేది) పెట్టి ‘ఈ కౌంటుకు ధర లేదు’ అనిపించండి. ఎల్స్ పక్కన షరతు రాయకూడదు, కోలన్ మాత్రం మరవకండి.

ఇందుకూరుపేట కుర్రాడు:
వరస తిప్పాను, వచ్చింది. కానీ 31కి ఒక్కసారిగా 300కి పడిపోతోంది సార్. మా దగ్గర కౌంటుకు ఇంత అని తగ్గిస్తూ పోతారు. 31, 32 అంటూ ఒక్కోదానికీ ఎలిఫ్ రాయాలా?

కావలి మాస్టారు:
తెల్లవార్లూ రాస్తావా? అది షరతుల పని కాదు, తీసివేత లెక్క. 30 నుంచి 50 దాకా 20 కౌంట్లకు 100 రూపాయలు తగ్గింది, అంటే కౌంటుకు 5. రెండో షరతు కింద 300 తీసేసి ధర = 400 - (కౌంట్ - 30) * 5 అని రాయి. 31కి 395 వస్తుంది, 50కి నీ 300 నీకు దక్కుతుంది. 50 నుంచి 100 దాకా కౌంటుకు 2 పడుతుంది. ఆ వరుస నువ్వే రాసి ఇక్కడ పెట్టు, చూస్తాను.