నాన్న చదివే నొక్కారు, అయినా మోసపోయారు. తెరమీద దొంగ పేజీని గుర్తుపట్టేదెలా?

తెనాలి అమ్మాయి:

మా నాన్నకు 67 ఏళ్లు. పోస్టాఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఆయన ఫోన్ నేను వాడి ఇచ్చిందే, ఆండ్రాయిడ్ 10.

పోయిన గురువారం ఊరి గ్రూపులో బండి చలాన్ అంటూ ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) వచ్చింది. వచ్చింది పాలకేంద్రం ఆయన నంబరు నుంచి. ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉందని మాకు తర్వాత తెలిసింది. నాన్న ఆ ముందు వారమే బండి మీద గుంటూరు వెళ్లొచ్చారు కాబట్టి నిజమే అనుకున్నారు. ఇన్‌స్టాల్ చేయగానే "చలాన్ చూడటానికి అప్‌డేట్ అవసరం, కొనసాగించు" అని తెలుగులో వచ్చిందట. తర్వాత సెట్టింగ్స్ తెరుచుకుంది. దాని మీదే ఒక చిన్న పెట్టె, ఏ వరుస నొక్కాలో బాణం గుర్తు. నొక్కారు. అది యాక్సెసిబిలిటీ అనుమతి, తెరను యాప్ చేతికి ఇచ్చేది.

మర్నాడు బ్యాంకు యాప్ తెరిస్తే కేవైసీ గడువు అయిపోయిందని, పిన్ కొట్టమని ఒక పేజీ వచ్చింది. అదీ తెలుగులోనే. నాన్న ఫోన్‌లో ఆ యాప్ ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉండేది. "ఇన్నాళ్లకు తెలుగు పెట్టారు" అని సంతోషపడ్డారట పాపం. రెండు విడతల్లో 18,500 పోయాయి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, బ్యాంకులో ఖాతా ఆపించాం.

నాలుగేళ్లుగా నేను ఆయనకు చెప్పేది ఒకటే మాట: తొందరపడకండి నాన్నా, చదివి నొక్కండి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ప్రతి ముక్కా చదివి నొక్కారు. ఇప్పుడు "రాసింది చదివి కూడా నమ్మకూడదంటే మరి దేన్ని నమ్మాలమ్మా?" అంటున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ చలాన్ యాప్ తీసేద్దామంటే సెట్టింగ్స్‌లో దాని పేజీ తెరిచిన వెంటనే మూసుకుపోతోంది. ఏం చేయాలి?

బెజవాడ సెల్ రిపేర్:

అమ్మా, ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించండి, వైఫై కూడా తీసేయమనండి. ఆ యాప్ తనను తీసేయకుండా అడ్డుకుంటోంది. యాక్సెసిబిలిటీ చేతిలో ఉంటే తెరమీద ఉన్నది చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు. అందుకే పేజీ మూసుకుపోతోంది.

సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కితే వచ్చే "పవర్ ఆఫ్" మీద వేలు అలాగే ఉంచితే అడుగుతుంది. అందులో మనం బయటినుంచి వేసుకున్న యాప్‌లు పనిచేయవు. అప్పుడు యాక్సెసిబిలిటీ తీసేసి, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద ప్రత్యేక అధికారం ఉన్న యాప్‌లు) జాబితాలో ఉంటే అక్కడా తీసేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. దానికి ఐకాన్ ఉండకపోవచ్చు, సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా మొత్తం చూడాలి. నేనైతే ఫొటోలు తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేసేస్తాను. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ఆ ఫోన్‌లో మాత్రం వద్దు. కాల్స్ ఎటైనా మళ్లించారేమో, ##002# కొడితే ఫార్వర్డింగ్ రద్దవుతుంది.

యాప్‌లు రాసే పని:

నేను చెల్లింపుల యాప్‌ల మీద పనిచేస్తాను. మీ నాన్నగారి తప్పేమీ లేదని ముందు ఆయనకు చెప్పండి. తెరమీద బొమ్మ ఎవరు గీశారో బొమ్మను చూసి చెప్పడం నాకూ సాధ్యం కాదు. ఒక యాప్ మీద ఇంకో యాప్ పరదా కప్పితే, కింద ఏముందో కంటికి ఆనదు. యాక్సెసిబిలిటీ, ఇతర యాప్‌ల పైన కనిపించే అనుమతి, ఈ రెండూ కలిస్తే ఎంత ప్రమాదమో జార్జియా టెక్, శాంటా బార్బరా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లోనే చూపించారు. దానికి "క్లోక్ అండ్ డాగర్" అని పేరు పెట్టారు.

ఆండ్రాయిడ్ 12 వచ్చాక, ఒక యాప్ కప్పిన పరదా గుండా మన వేలు కింది యాప్‌కు తగలడం చాలావరకు ఆపేశారు. తన మీద పరదాలు కనిపించకుండా చేసుకునే వీలు కూడా యాప్‌కు వచ్చింది. ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా ఫైల్‌గా వచ్చిన యాప్‌కు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. ఆండ్రాయిడ్ 10లో ఇవేవీ లేవు. పాత ఫోన్ పెద్దవాళ్లకు ఇచ్చేస్తాం కదా, మా ఇంట్లోనూ అంతే. అందరికంటే ఎక్కువ రక్షణ కావాల్సినవాళ్ల చేతికే తక్కువ రక్షణ ఉన్న ఫోన్ వెళ్తోంది. నాకు దీనిమీద చాలా బాధ ఉంది. ఈ ఏడాది మా అమ్మ ఫోన్ మార్చాను.

అయితే కొత్త ఫోన్‌లో కూడా, పిన్ కొట్టే పేజీయే మొత్తం దొంగదైతే కష్టమే. కాబట్టి ఆయనకు చెప్పాల్సింది ఒకటి: ఏ పేజీ అయినా తనంతట తాను వచ్చి ఏదైనా అడిగితే, అది ఎంత చక్కగా ఉన్నా జవాబు ఇవ్వొద్దు. హోమ్ బటన్ నొక్కి బయటికి వచ్చి మీకు ఫోన్ చేయమనండి. నెలకోసారి మీరు "ఇతర యాప్‌ల పైన కనిపించడం", "యాక్సెసిబిలిటీ" జాబితాలు చూడండి. తెలియని పేరు ఒక్కటున్నా తీసేయండి.

గుంటూరు లెక్కలు:

బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 2017 నాటి ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం, వివరాలు ఖాతాదారే ఇచ్చినట్టయితే బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం ఆయనదే, చెప్పిన తర్వాత జరిగింది బ్యాంకుది. ఆ సమయం కాగితం మీద ఉండాలి.

తెనాలి అమ్మాయి:

అందరికీ థాంక్స్. నిన్న ఊరెళ్లాను. సేఫ్ మోడ్‌లో దొరికింది, ఐకాన్ లేదు, "అప్‌డేట్ సర్వీస్" అని పేరు. తీసేసి రీసెట్ చేశాను. బ్యాంకు రసీదు ఉంది. గ్రూపులో ఆ ఫైల్ ఇంకెవరు తెరిచారని నాన్నే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నారు, ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల ఫోన్లూ చూశాను.

నాన్నకు కొత్త ఫోన్ కూడా తీసుకున్నాను. అందులో బ్యాంకు యాప్ వేస్తుంటే, నిజం యాప్‌లో తెలుగు ఉందేమో చూడమన్నారు నాన్న. ఉంది. పెట్టి ఇచ్చాను.