ఆదివారం కుండల ప్రోగ్రాం: హాలులో మంట వద్దంటున్నారు, అర్జెంట్

సెక్రటరీ మాస్టారు, గురువారం సాయంత్రం 6.10
అందరికీ నమస్కారం. హాలు మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశారు. ఎగ్జిబిషన్ పెట్టుకోవచ్చట, భోజనాలు పెట్టుకోవచ్చట, వెనక ఖాళీ స్థలంలో కుండలు కాల్చడం మాత్రం కుదరదట. ఎనభై కుటుంబాలకి చెప్పేశాం. పైన పిన్ చేసిన పనుల జాబితాలో 4 నుంచి 9 దాకా అన్నీ ఆ కాల్చడం మీదే ఉన్నాయి. రేపు మధ్యాహ్నంలోగా తేల్చాలి. కాల్చి చూపించడానికి వస్తున్న విశాఖ మేడమ్‌కి ఇంకా చెప్పలేదు.

ఖజానా బావగారు, 6.12
అడ్వాన్సు వెనక్కిస్తారా?

సెక్రటరీ మాస్టారు, 6.12
అడిగాను. రేపు చెప్తానన్నారు.

ఖజానా బావగారు, 6.13
అంటే ఇవ్వరు.

హోటల్ అన్నయ్య, 6.20
ఏటిది మాస్టారూ! అదే స్థలంలో మొన్న పెళ్ళికి నేనే గాడిపొయ్యి తవ్వించాను. వెయ్యి మందికి వంట. అప్పుడు లేని భయం ఒక్క డ్రమ్ము కొలిమికి వచ్చిందా?

సెక్రటరీ మాస్టారు, 6.24
నేనూ అదే అన్నాను. వంట మంట వేరు, ఇది వేరు అంటున్నారు. బుకింగ్ అప్పుడు 'మట్టి బొమ్మల కార్యక్రమం' అంటే వినాయకుడి బొమ్మలనుకున్నారట. ఇవాళ మన పోస్టర్ చూశారు.

పోస్టర్ తమ్ముడు, 6.25
పోస్టర్‌లో ఏముందని?

ఖజానా బావగారు, 6.27
నిలువెత్తు మంట ఉంది. ముందు పట్టకారు పట్టుకుని ఒక మనిషి. కింద 'మంటల్లోంచి కళ' అని అక్షరాలు. పక్కన నర్సింగ్ హోమ్ ఉన్నవాడు అది చూసి ఏం చేస్తాడు, హారతి ఇస్తాడా?

పోస్టర్ తమ్ముడు, 6.28
గ్రూపులో పెట్టినప్పుడు మొదట బొటనవేలు చూపించింది మీరే బావగారూ. పైకి వెళ్ళి చూసుకోండి.

గోపాల్‌పూర్ పిన్ని, 8.45
లక్ష్మివారం పూజ, ఇప్పుడే ఫోన్ చూస్తున్నాను. హాలు సంగతి తర్వాత. పోయిన ఆదివారం పిల్లలు చేసిన బొమ్మలన్నీ మా మేడ మీదే ఆరుతున్నాయి. ఈ మంచుకి పొద్దున తొమ్మిదైనా తడి పోవడం లేదు. వాటిని ఎక్కడ కాలుస్తారు? పిల్లల అమ్మలు నాకే ఫోన్లు చేస్తున్నారు.

విశాఖ మేడమ్, 9.30
నమస్తే అండీ. మాస్టారు ఇప్పుడే చెప్పారు. కంగారు పడకండి, హాళ్ళు ఇలా కాదనడం నాకు అలవాటే. చోటు ఎక్కడైనా పర్లేదు, పైన కప్పు, కొమ్మలు ఉండకూడదు. నేల మట్టిదో ఇసుకదో కావాలి. సిమెంటు మీద ఎర్రగా కాలిన పాత్ర పెడితే నేలే పెచ్చులూడి ఎగురుతుంది. నీళ్ళు దగ్గర్లో ఉండాలి.

పొగ ఉంటుంది, అబద్ధం చెప్పను. జపాన్‌లో పుట్టిన ఈ రాకు పద్ధతిలో దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర, గ్లేజు, అంటే పాత్ర మీది గాజు పూత, కరిగి తడిగా మెరుస్తున్నప్పుడే పాత్రని పట్టకారుతో బయటికి తీస్తాం. వెంటనే రంపపు పొట్టు ఉన్న డ్రమ్ములో వేసి మూత పెడతాం. లోపల పొట్టు అంటుకుంటుంది, గాలి అందదు, ఆ మంట గ్లేజులో ఉన్న ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. రాగి ఉన్న గ్లేజు లోహంలా తళతళలాడుతుంది. తెల్ల గ్లేజుకి బీటలు పడి, వాటిలోకి మసి దూరి నల్లటి వల వస్తుంది. ఏ పాత్ర ఎలా వస్తుందో నాకూ ముందుగా తెలియదు. మొదటి విడతకి గంటన్నర, తర్వాత ఒక్కోదానికి ముప్పావు గంట అనుకోండి.

పిల్లల బొమ్మలు మాత్రం నా కొలిమిలో పెట్టను. పచ్చి మట్టిని అంత వేగంగా వేడి చేస్తే లోపలి తడి ఆవిరై బాంబులా పేలుతుంది. నేను తెచ్చే గిన్నెలు ఒకసారి కాల్చినవి, వాటి మట్టిలో కాల్చిన మట్టి పొడి కలిపి ఉంటుంది, అందుకే అంత వేడిని, అంత చలవనీ తట్టుకుంటాయి.

ఇంకో మాట. పోస్టర్‌లో 'మీరు రంగు వేసిన కప్పులోనే టీ' అని ఉంది. దయచేసి తీసేయండి. ఈ కప్పులు నీళ్ళు పీలుస్తాయి, రాగి గ్లేజు తాగడానికి పనికిరాదు. షోకేసులో పెట్టుకోవడానికే.

ఖజానా బావగారు, 9.41
టీ తాగడానికి పనికిరాని కప్పుకి మనిషికి రెండొందలు వసూలు చేశామా? నేను మొదట్నుంచీ చెప్తున్నాను, సుబ్బరంగా ముగ్గుల పోటీ పెట్టుకుంటే హాలూ ఇచ్చేవాడు, డబ్బూ మిగిలేది. జపాన్ వాళ్ళ కుండలు మనకెందుకు?

పోస్టర్ తమ్ముడు, 9.44
జపాన్‌లో పొగే పెట్టరు బావగారూ. క్యోటోలో 16వ శతాబ్దంలో చోజిరో అనే కుమ్మరి టీ గిన్నెలు చేసినప్పటి నుంచీ వేడివేడిగా తీసి బయటే చల్లారనిస్తారు. పొట్టులో వేసి పొగబెట్టడం 1960లో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ అనే కుండల కళాకారుడు మొదలుపెట్టాడు, అదీ ఒక మేళాలో జనం ముందు చేసి చూపిస్తూ.

ఖజానా బావగారు, 9.45
అయితే అమెరికా వాళ్ళ కుండలు. ఇంకా మంచిది.

గోపాల్‌పూర్ పిన్ని, 9.52
బాబూ, 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మన దేశపు మొదటి సిరామిక్స్ ట్రియనాలె, అదే మట్టి కళల పెద్ద ప్రదర్శన, చూసొచ్చి ఈ ప్రోగ్రాం అడిగింది నేను. తిట్టేదేదో నన్నే తిట్టు. కుండ అంటే నీళ్ళు పోసుకునేదే అనుకున్నదాన్ని, గది నిండా మట్టి పేర్చి ఇదీ కళే అంటే ముందు నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ముగ్గులు ప్రతి ఏడూ వేస్తూనే ఉన్నాం. నీకు డబ్బు భయం, అది చెప్పు. కళ మీద పెట్టకు.

విశాఖ మేడమ్, 9.58
పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జి పాటరీ 1971లో పెట్టిన రే మీకర్, డెబొరా స్మిత్‌ల గురించి వినే ఉంటారు. ఆ మీకర్ గారు పచ్చి ఇటుకలతో ఇల్లు మొత్తం కట్టి, లోపల మంట పెట్టి ఇంటినే కాల్చారు.

హోటల్ అన్నయ్య, 10.01
ఆయనకి ఇల్లు కాల్చడానికి చోటు దొరికింది, మనకి డ్రమ్ము కాల్చడానికి బరంపురంలో చోటు లేదు 😀

ఖజానా బావగారు, 10.06
నవ్వండి. హాలు అడ్వాన్సు, టెంటు, మేడమ్ కారు ఖర్చు, ఇప్పుడు ఇంకో స్థలం అద్దె. 1936లో మన గంజాం జిల్లా ఒడిశాలో కలిసినప్పటి నుంచీ ఇక్కడి తెలుగువాళ్ళం సొంత గది లేక ఇలా గుమ్మం గుమ్మం తిరుగుతున్నాం. లెక్క అడిగితే కళ తెలియనివాడిని అయ్యాను. ఈ ఖాతా పుస్తకం ఎవరికి కావాలో తీసుకోండి.

ఖజానా బావగారు గ్రూపు వదిలి వెళ్ళారు.

సెక్రటరీ మాస్టారు, 10.07
పోయిన ఉగాది సంగతి మళ్ళీ వద్దు. అందరూ పడుకోండి.

చికిటి మావయ్య, శుక్రవారం ఉదయం 5.50
రాత్రి సిగ్నల్ లేదు, మొత్తం ఇప్పుడు చదివాను. మా కుమ్మరి వీధి వెనక ఇసుక మిట్ట ఉంది. బోరు ఉంది. చుట్టుపక్కల పొగకి గొడవపడే వాళ్ళు లేరు, వాళ్ళు కుండలు కాల్చే ఆవం పొగ అంతకన్నా ఎక్కువ. అడగమంటారా?

సెక్రటరీ మాస్టారు, 5.52
అడగండి మావయ్యా. ఇప్పుడే.

గోపాల్‌పూర్ పిన్ని ఖజానా బావగారును గ్రూపులో చేర్చారు.

చికిటి మావయ్య, 7.35
పెద్దాయనతో మాట్లాడాను. ఒడియాలో ఓ పావుగంట నన్నే ప్రశ్నలు వేశాడు. వేడి ఎంత, గ్లేజులో ఏముంది, ఎర్రగా ఉన్నప్పుడు తీస్తే పగలదా అని. నేను మేడమ్ చెప్పిందే చెప్పాను. నమ్మలేదు, అందుకే రమ్మన్నాడు. అద్దె వద్దన్నాడు. శనివారం వాళ్ళు ఆవం పేరుస్తున్నారట, పిల్లల బొమ్మలు రేపు పొద్దున్నే తెస్తే పై వరసలో పెడతానన్నాడు. రాత్రి కాలి, ఆదివారం మధ్యాహ్నానికి చల్లారుతుంది. పిల్లల ముందే విప్పుతాడు.

ఒక్కటే అన్నాడు. మీ మేడమ్ కుండలు అందరూ నిలబడి చూస్తారు కదా, మా కుండలు కూడా కొంటారా అని.

గోపాల్‌పూర్ పిన్ని, 7.40
టీ కప్పులు! అన్నయ్యా, నీ టీ వాళ్ళ మట్టి కప్పుల్లో పోద్దాం. రెండొందల యాభై ఉంటాయా అడుగు మావయ్యా. పోస్టర్‌లో మాట సగమైనా నిలబడుతుంది.

చికిటి మావయ్య, 7.58
ఉన్నాయట.

ఖజానా బావగారు, 8.15
కప్పు ఎంత?

ఖజానా బావగారు, 8.16
బేరం ఆడొద్దు, ధర కనుక్కోండి చాలు. నేను హాలుకి వెళ్తున్నాను.

విశాఖ మేడమ్, 8.30
చాలా మంచి చోటు. పిన్నిగారూ, బొమ్మలు పంపే ముందు ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వాటిని వంటింట్లో పొయ్యికి దగ్గరగా పెట్టండి. మందంగా ఉన్నవి ఏమైనా ఉన్నాయా?

గోపాల్‌పూర్ పిన్ని, 8.34
ఒక ఏనుగు ఉంది. గట్టి ముద్ద. ఎత్తలేకపోతున్నాను.

విశాఖ మేడమ్, 8.35
దాని కడుపు కింద నుంచి చెంచాతో తోడేయండి. గోడ వేలి మందం మిగిలితే చాలు. ఎండి గట్టిపడితే తడిగుడ్డ కాసేపు కప్పి తోడండి, మళ్ళీ ఆరడానికి టైమ్ లేకపోతే ఈ ఆవంలో వద్దు.

పోస్టర్ తమ్ముడు, 9.10
జాబితాలో 7వ పని, వేదిక మీద ఫ్లెక్సీ, ఎవరిది? హాలు కొలతలతో ప్రింట్‌కి ఇచ్చేశాను.

హోటల్ అన్నయ్య, 9.40
మేడమ్, గ్యాస్ నాది. 19 కిలోల కమర్షియల్‌వి రెండు చాలా? ఇంటి సిలిండర్లు ఎవరూ తేవొద్దు, కేసు అవుద్ది.

విశాఖ మేడమ్, 9.44
రెండు చాలు. ఒక పెద్ద టబ్బు కూడా తెండి. గ్యాస్ ఎక్కువగా లాగితే సిలిండర్ చుట్టూ మంచు కట్టి ఒత్తిడి పడిపోతుంది, నీళ్ళలో నిలబెడతాం. రంపపు పొట్టు సామిల్ నుంచే తీసుకోండి, ప్లైవుడ్‌ది వద్దు, అందులో జిగురు ఉంటుంది, ఆ పొగ మంచిది కాదు.

ఖజానా బావగారు, మధ్యాహ్నం 1.20
హాలు వాడితో గంటసేపు కూర్చున్నాను. సగం వెనక్కిచ్చాడు, మిగతా సగం ఉగాదికి జమ చేసుకుంటాడు, కాగితం రాయించాను. ఆ డబ్బుతో రెండు టెంపోలు మాట్లాడాను. పాత బస్టాండ్ దగ్గర ఉదయం 8కి. సొంత బండ్లున్న వాళ్ళు వాటిలోనే రావాలి. సామిల్ మా వీధిలోనే, పొట్టు రెండు బస్తాలు తెస్తాను.

గోపాల్‌పూర్ పిన్ని, 1.22
🙏 పుస్తకం?

ఖజానా బావగారు, 1.23
నా దగ్గరే ఉంది.

సెక్రటరీ మాస్టారు, సాయంత్రం 5.00
ముఖ్య అతిథి గారికి చోటు మారిందని చెప్పాను. అంత దూరం రాలేనన్నారు. గాజు టేబుళ్ళు కూడా ఆ మట్టి దారిలో రావు.

చికిటి మావయ్య, 5.15
నులక మంచాలు పది సర్దుతాను. మేడమ్ పాత్రలు వాటి మీదే పెడదాం. వీధి వాళ్ళ కుండలు కూడా ఆ వరసలోనే. వేరే స్టాల్ ఎందుకు?

విశాఖ మేడమ్, శనివారం రాత్రి 8.10
ఇచ్ఛాపురం దాటాను. ఒక్క విన్నపం. మంట దగ్గరికి వచ్చేవాళ్ళు నూలు బట్టలు వేసుకోండి. నైలాన్ చీర, సింథటిక్ చున్నీ అసలు వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుపోతుంది. జుట్టు ముడి వేసుకోండి. పిల్లలకి ముగ్గుపిండితో గీత గీస్తాం, దాటకూడదు.

హోటల్ అన్నయ్య, 8.14
విన్నారుగా, బరంపురం పట్టుచీరలు ఇంట్లోనే.

ఖజానా బావగారు, 8.15
చూశారా, చివరికి ముగ్గు పెడుతున్నారు.

చికిటి మావయ్య, 9.30
ఆవం ముట్టించారు. ఏనుగు లోపలే ఉంది, పెద్దాయన ఇంకోసారి తోడి మరీ పెట్టాడు. మేడమ్ వస్తే ఆ డ్రమ్ము కొలిమి ముందు తనకే చూపించాలట, తెల్లవారకుండానే లేచి కూర్చుంటానన్నాడు.

ఖజానా బావగారు, ఆదివారం ఉదయం 8.05
మొదటి టెంపో నిండింది, బయల్దేరుతోంది. పొట్టు బస్తాలు ఎక్కాయి. పొగ డ్రమ్ముల మూతలు మాత్రం మాస్టారి వరండాలోనే ఉండిపోయాయి. రెండో టెంపోలో వచ్చేవాళ్ళు ఎవరైనా దిగి పట్టుకురండి, నాలుగున్నాయి.