ఎర్రకణం పగలకుండా పెగ్ ఆపితే రంధ్రాన్ని కొలిచినట్టేనా?

కావలి అధ్యాపకుడు:
ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు నీటి నుంచి వేరుచేసిన విబ్రియో బ్యాక్టీరియా టాక్సిన్‌తో, అంటే అది విడుదల చేసే విషంతో, మా ఎమ్మెస్సీ అమ్మాయి ప్రాజెక్టు చేసింది. నెల్లూరు జాతి గొర్రె ఎర్ర రక్తకణాలకు టాక్సిన్ కలిపి, ఒక్కో గొట్టంలో ఒక్కో అణుభారం ఉన్న పాలిథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్, 30 మిల్లీమోలార్ చొప్పున వేసింది. పెగ్ 400, 600 ఉన్నచోట కణాలు పగిలాయి. 1000 దగ్గర ఆలస్యంగా పగిలాయి. 2000 దగ్గర గంటలు గడిచినా పగలలేదు. టాక్సిన్ కణం పొరలో చేసే రంధ్రం వ్యాసార్థం సుమారు 1 నానోమీటర్ అని రాసింది. మా విభాగంలో ఒకరు ఇది కొలత కాదు, ఊహ అంటున్నారు. నేను ఒప్పుకోను.

టాక్సిన్ చేసిన రంధ్రం గుండా ఉప్పు అయాన్లు అటూ ఇటూ తిరుగుతాయి. లోపలి హీమోగ్లోబిన్ పెద్దది కాబట్టి బయటికి పోలేదు. దాని ద్రవాభిసరణ పీడనం నీటిని లాగుతుంది, కణం ఉబ్బి పగులుతుంది. రంధ్రంలో పట్టని పెగ్ బయట ఉంటే ఆ పీడనానికి సరితూగుతుంది, కణం నిలుస్తుంది. ఇందులో ఊహ ఎక్కడుంది?

ఒంగోలు జీవభౌతికం:
సార్, కణం నిలవడం నిజమే. దానికి రంధ్రం పరిమాణమే కారణమని ఎలా తేల్చారు? పెగ్ గట్టి గోళీ కాదు, మెలికలు తిరిగే గొలుసు. మొలగొలుకుల బియ్యపు గింజను ఆపే జల్లెడలోంచి నూలుపోగు జారిపోతుంది. పెగ్ 1000కు చెప్పే 0.94 నానోమీటర్ల వ్యాసార్థం, నీటిలో చుట్టుకుని ఉన్న గొలుసుకు వేసిన సగటు. సీసా మీది 1000 కూడా సగటు అణుభారమే. పైగా పెద్ద పెగ్ ద్రావణం చిక్కగా ఉంటుంది, అన్నీ నెమ్మదిస్తాయి. అసలు పెగ్ టాక్సిన్‌ను కణానికి అంటుకోనివ్వలేదేమో!

కావలి అధ్యాపకుడు:
ఆ చివరి అనుమానం మాకూ వచ్చింది. పెగ్ 2000లో నిలిచిన కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించి, టాక్సిన్ గానీ పెగ్ గానీ లేని ఉప్పు ద్రావణంలో కలిపితే వెంటనే పగిలాయి. రంధ్రాలు అప్పటికే ఉన్నాయన్నమాట. ఇక చిక్కదనం సంగతి. 30 మిల్లీమోలార్ పెగ్ 2000 అంటే లీటరుకు 60 గ్రాములు. అది పగలడాన్ని ఆలస్యం చేయగలదు గానీ గంటల తరబడి ఆపలేదు.

ఈ పద్ధతికి చరిత్ర లేదా? జిమ్మర్‌బర్గ్, పార్సీజియన్ 1986లోనే మైటోకాండ్రియా పొరలోని చానల్, అంటే అయాన్లు వెళ్లే సహజ రంధ్రం, తెరుచుకుని మూసుకునేటప్పుడు లోపలి ఘనపరిమాణం ఎంత మారుతుందో పాలిమర్లతో తేల్చారు. బెజ్రుకోవ్ బృందం 1994లో అలామెథిసిన్ అనే చిన్న పెప్టైడ్ చేసే ఒకే ఒక్క చానల్లో కదిలే పాలిమర్లను లెక్కపెట్టింది. స్ఫటికంలోనో గడ్డకట్టిన మంచులోనో కనిపించే ఆకారం విలువైనదే. కానీ పొరలో, నీటిలో పనిచేస్తున్న రంధ్రం ఎంత తెరుచుకుందో పాలిమర్ చెబుతుంది.

ఒంగోలు జీవభౌతికం:
మీరు చెప్పినవి విద్యుత్ కొలతలు, వాటికి నేనూ నమస్కరిస్తాను. కృత్రిమ కొవ్వుపొరలో ఒక్క చానల్‌ను పెట్టి, పెగ్‌ను ఒకవైపే పోసి చూడవచ్చు. లోపలికి దూరిన పెగ్ విద్యుద్వాహకతను తగ్గిస్తుంది, దూరలేనిది తగ్గించదు. అలా ఒక్కో ముఖద్వారం విడిగా తెలుస్తుంది. స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా చేసే ఆల్ఫా టాక్సిన్‌కు 1996లో స్ఫటిక నిర్మాణం వచ్చింది. ఒకవైపు విశాలమైన గది, మధ్యలో సుమారు 1.4 నానోమీటర్ల వ్యాసంతో ఇరుకు. ఎర్రకణాల పరీక్షకు ఆ గది కనిపించదు, ఇరుకు మాత్రమే తెలుస్తుంది. అలాంటప్పుడు 'రంధ్రం వ్యాసార్థం' అని ఒకే అంకె ఎలా రాస్తారు?

కోవూరు రొయ్యల రైతు:
అయ్యా, మా చెరువుల్లో రొయ్యలు చనిపోవడానికి ఈ రంధ్రమేనా కారణం?

ఒంగోలు జీవభౌతికం:
అలా అనలేమండీ. రొయ్యకు ఎర్రకణాలే లేవు, ప్రాణవాయువును హీమోసయనిన్ అనే ప్రోటీన్ మోస్తుంది. ఈఎంఎస్, అంటే రొయ్య పిల్లలు తొందరగా చనిపోయే జబ్బులో, పిర్ ఏ, పిర్ బీ అనే ప్రోటీన్లు కాలేయంలా పనిచేసే హెపటోపాంక్రియాస్ కణాలను దెబ్బతీస్తాయి. సార్ వాళ్ల ప్రాజెక్టు వాటి మీద కాదు.

కావలి అధ్యాపకుడు:
అందుకే నివేదికలో జబ్బు ప్రస్తావన వద్దన్నాను. వ్యాసార్థం మాత్రం ఉంచుతాం, ఒక అంకెగా కాదు, 0.9కీ 1.2కీ మధ్య అని, ఇరుకైన చోటికే వర్తిస్తుందని.

ఒంగోలు జీవభౌతికం:
దాన్ని పైహద్దు అనండి సార్. మెలికలు విప్పుకుని దూరగలిగే గొలుసు, తనకన్నా ఇరుకైన రంధ్రాన్ని కూడా పెద్దదిగా చూపగలదు. పెగ్ 1000 గొట్టంలో నిమిషానికి ఎంత పగిలిందో గీత గీసి జతచేస్తే ఆ హద్దును నేనూ ఒప్పుకుంటాను. ఆ గీత లేనిదే కొలత అన్న మాటకు ఒప్పుకోను.