పిల్లల పుస్తకాలు ప్రభుత్వ బడికి ఇవ్వాలనుకుంటున్నాం. ఏవి ఇవ్వాలి, ఎలా పంపాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి):

అందరికీ నమస్కారం. మేము మియాపూర్‌లో ఉంటాం. మా అపార్ట్‌మెంట్ వాళ్ళందరం కలిసి, మా పిల్లలు చదివేసిన పుస్తకాలు పోగుచేశాం. ఆరు అట్టపెట్టెలు నిండాయి. ఎక్కువగా ఇంగ్లిష్ కథల పుస్తకాలు, కొన్ని ఎన్‌సైక్లోపీడియాలు, ఒలింపియాడ్ గైడ్లు, రంగులు వేసే పుస్తకాలు ఉన్నాయి. తెలుగువి తక్కువే. ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకి ఇద్దామని అనుకుంటున్నాం. నేరుగా తీసుకెళ్ళి ఇచ్చేయొచ్చా, ఎవరి అనుమతైనా కావాలా? కొరియర్‌కి చాలా అడుగుతున్నారు. ఇంకొకటి, ఇలా ఇచ్చిన పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసేస్తారని మా పక్కింటావిడ అంటున్నారు. అలా జరక్కుండా ఏం చెయ్యాలి?

జవాబు (ప్రాథమిక పాఠశాల టీచర్, ఆదిలాబాద్ జిల్లా):

మేడమ్, మా వైపు పిల్లల గురించి ఆలోచించినందుకు చాలా సంతోషం. పెట్టెలకి టేపు వేసే ముందు ఆ బడి హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) గారికి ఒక్కసారి ఫోన్ చేయండి. ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారు, పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బడిలో ఇప్పటికే ఏ పుస్తకాలు ఉన్నాయి, ఈ మూడూ అడగండి. సగం పని అక్కడే తేలిపోతుంది.

భాష సంగతి ఎందుకంటున్నానంటే, ఉట్నూరు చుట్టుపక్కల చాలా ఇళ్ళలో గోండీ, కొలామీ, లంబాడీ మాట్లాడతారు. ఒకటో తరగతిలో చేరిన పిల్లకి తెలుగే కొత్త. ఇంగ్లిష్ మూడో భాష అవుతుంది. రెండు వందల పేజీల ఇంగ్లిష్ నవల ఇస్తే ఆ పిల్ల అట్ట మీది బొమ్మ చూసి పక్కన పెట్టేస్తుంది. అదే పేజీకి ఒక పెద్ద బొమ్మ, కింద ఒకటి రెండు వాక్యాలు ఉన్న పుస్తకమైతే, చదవడం రాకపోయినా బొమ్మలు చూసి తన భాషలో కథ అల్లుతుంది. మాటలే లేని బొమ్మల పుస్తకాలు మాకు బంగారం. మీ పెట్టెల్లో అలాంటివి ఉంటే ముందు వాటిని పక్కకి తీయండి.

పిల్లలు చదవగలరా లేదా అన్న లెక్క కూడా మనసులో పెట్టుకోండి. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో, 2022లో దేశంలోని పల్లెలన్నిటి మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్ళు 20.5 శాతమే. చదవడం, లెక్కలు మొదటి నుంచి నేర్పడానికి అదే ఏడాది ఆగస్టులో మన తెలంగాణలో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అంటే నాలుగో తరగతి పిల్లాడికి నాలుగో తరగతి పుస్తకమే ఇవ్వాలనుకోకండి. ఒకటో మెట్టు పుస్తకాలు ఎక్కువ, రెండో మెట్టువి కొన్ని, ఆ పైవి కాసిని ఉంటే సరిపోతుంది. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళ పిల్లల పుస్తకాల మీద స్థాయి 1 నుంచి 4 దాకా వేసి ఉంటుంది, అది చూసి ఏరొచ్చు.

మరొకరు (విజయవాడ):

సార్, మీరు చెప్పింది నిజమే. కానీ ఇప్పుడు అన్ని బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చేసింది కదా? తల్లిదండ్రులు కూడా ఇంగ్లిషే కావాలంటున్నారు. ఇంగ్లిష్ పుస్తకాలు వద్దంటే ఆ పిల్లలకి నష్టం కాదా?

టీచర్:

ఇంగ్లిష్ వద్దని నేను అనడం లేదండీ. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు, పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. కథల పుస్తకాలూ అలాగే ఉంటే మాకు బాగా ఉపయోగం. తూలిక, ప్రథమ్ బుక్స్ వాళ్ళవి తెలుగు-ఇంగ్లిష్ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నవి దొరుకుతాయి. ఇంగ్లిష్ ఒక్కటే ఉన్నవాటిలో బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ ఉన్నవి పంపండి. మంచు కురవడం, బేస్‌బాల్ ఆట లాంటివి ఉన్న కథలు మాత్రం టీచర్ పక్కన కూర్చుని చెబితే తప్ప పిల్లలకి అందవు. నా అనుభవంలో మేకలు, వాగు, సంత, అమ్మమ్మ ఇల్లు ఉన్న కథల పుస్తకాలే ముందు చిరిగిపోతాయి. చిరిగాయంటే చదివారన్నమాట.

జవాబు (గ్రంథాలయ వాలంటీర్, వరంగల్):

అమ్మా, ఏరే విషయంలో నాలుగు మాటలు. పేజీలు ఊడినవి, చెద పట్టినవి, ఎవరో పెన్నుతో జవాబులు నింపేసిన వర్క్‌బుక్కులు మొహమాటపడకుండా పాత పేపర్లవాడికి ఇచ్చేయండి. మీ పిల్లలకి పుట్టినరోజు కానుకగా ఇవ్వడానికి మీ మనసొప్పుకుంటుందా అని ఒక్కో పుస్తకం పట్టుకుని చూడండి. ఒప్పుకోకపోతే బడికీ వద్దు. ఒలింపియాడ్ గైడ్లు ప్రాథమిక పాఠశాలకి పనికిరావు. ఎన్‌సైక్లోపీడియాలు జిల్లా పరిషత్ హైస్కూలుకో, ఊళ్ళోని శాఖా గ్రంథాలయానికో అడిగి ఇవ్వండి, అక్కడ పెద్ద పిల్లలు వాడుకుంటారు.

వీటితో పాటు అపార్ట్‌మెంట్‌లో తలా కొంచెం డబ్బు వేసుకుని కొత్త తెలుగు పుస్తకాలు కొనమని నా గట్టి సలహా. సికింద్రాబాద్ తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వేస్తున్నారు. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో తెలుగువి ఉన్నాయి. అసలు డబ్బే లేదనుకుంటే, ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని రంగుల్లో ప్రింటు తీయించొచ్చు. వాటిని తర్జుమా చేసుకోవడానికి కూడా అనుమతి ఉంది. గోండీ వచ్చిన టీచరుంటే తెలుగు లిపిలోనే ఆ కథని గోండీలో రాసి, తెలుగు వాక్యం కింద అతికించొచ్చు. ఇంట్లో మాట్లాడే మాట పుస్తకంలో కనబడితే పిల్లలకి ధైర్యం వస్తుంది.

ఇక పంపడం గురించి. ఆరు పెట్టెలూ ఒకేసారి పంపాలంటే ఆర్టీసీ కార్గోలో ఉట్నూరు బస్టాండుకి వేయడం నయం. అక్కడి నుంచి ఆటో మాట్లాడమని హెచ్‌ఎం గారితో ముందే అనుకోండి, ఆటో కిరాయి మాత్రం మీరే ఇవ్వండి. టీచర్ల జేబు మీద పడకూడదు. కొద్ది పుస్తకాలే అయితే పోస్టాఫీసులో 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల ప్యాకెట్టుకి 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ కూడా ఉంటుంది. అందులో పుస్తకాలే ఉండాలి, ఉత్తరాలు పెట్టకూడదు.

మరొకరు (డల్లాస్):

మేము మా ఊరి బడికి ఇక్కడి నుంచి పుస్తకాలు పంపుదామని అనుకుంటున్నాం. మంచి పనేనా?

గ్రంథాలయ వాలంటీర్:

బాబూ, ఓడలో వచ్చేసరికి ఖర్చు పుస్తకాల ధరని మించిపోతుంది. అదే డబ్బుతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు తెలుగు పుస్తకాలు వస్తాయి, మన రచయితలకీ బొమ్మలు వేసేవాళ్ళకీ పని దొరుకుతుంది. ఏదైనా సంస్థ ద్వారా డబ్బు పంపాలనుకుంటే ఒకటి చూసుకోండి. మీది అమెరికా పౌరసత్వమైతే, ఓసీఐ (భారత సంతతి విదేశీయులకిచ్చే) కార్డున్నా సరే, విదేశీ విరాళాలు తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలి. భారత పాస్‌పోర్టే ఉంటే ఆ ఇబ్బంది లేదు. అన్నట్టు, పుస్తకాల రూపంలో ఇచ్చిన విరాళానికి 80జీ పన్ను మినహాయింపు రాదు. చాలామంది తర్వాత రసీదు అడుగుతుంటారు.

టీచర్:

మేడమ్, మీరు అడిగిన బీరువా సంగతికి వస్తాను. టీచర్లకి ఇవ్వడం ఇష్టం లేక తాళం వేయరు. పుస్తకాలు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి, పోతే జవాబు చెప్పాల్సింది హెచ్‌ఎం. ఆ భయమే తాళం వేయిస్తుంది. అందుకని మీరు ఇచ్చే జాబితా మీద "ఇవి పిల్లలు వాడటానికి ఇచ్చినవి, చిరిగినా పోయినా మాకు అభ్యంతరం లేదు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి. ఆ కాగితం రిజిస్టర్‌లో ఉంటే హెచ్‌ఎం గారికి టెన్షన్ ఉండదు. అనుమతికి కూడా పెద్ద తతంగం ఏమీ ఉండదు, హెచ్‌ఎం గారికి ఉత్తరం ఇస్తే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఆయనే చెబుతారు.

బీరువా కంటే తాడు మంచిది. గోడకి పిల్లల ఎత్తులో నైలాన్ తాడు కట్టి, పుస్తకాలు మధ్యకి తెరిచి దాని మీద వేలాడేస్తే అట్టలు కనబడతాయి, పిల్లలే తీసుకుంటారు. కొన్ని క్లిప్పులు, తాడు, ఒక పొడవాటి నోటుబుక్కు కూడా పెట్టెలో వేయండి. ఇంటికి తీసుకెళ్ళే పుస్తకాల లెక్క మా దగ్గర ఐదో తరగతి పిల్లలే రాస్తారు, మాకంటే జాగ్రత్తగా రాస్తారు. రోజూ ఒక అరగంట చదువుకునే పీరియడ్ ఉంటుందా అని కూడా హెచ్‌ఎం గారిని అడగండి.

ఒక్క విన్నపం. ఫోటోల కోసం పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టి చేతుల్లో పుస్తకాలు పెట్టించకండి. వచ్చినప్పుడు ఒక కథ చదివి వినిపించండి, వాళ్ళ కథ ఒకటి వినండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అండీ. హెచ్‌ఎం గారి నంబరు దొరికింది, రేపే మాట్లాడతాను. పెట్టెలు మళ్ళీ విప్పి ఏరుతాం. తెలుగు పుస్తకాలకి మా వాట్సాప్ గ్రూపులో డబ్బు అడుగుతాను. బడి తెరిచిన రోజే తీసుకురమ్మంటారా?

టీచర్:

జూన్ 12న తెరిచాక మొదట్లో బడిబాట (పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం), అడ్మిషన్లు, పాఠ్యపుస్తకాల పంపిణీతో ఊపిరాడదు. జూన్ ఆఖరి వారం అయితే పిల్లలు కుదురుకుంటారు. అప్పటికి వానలు మొదలవుతాయి కాబట్టి పెట్టె లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి కట్టండి. కారులో వస్తే ఆదివారం పెట్టుకోకుండా శనివారం రండి, పిల్లలు ఉంటారు. మధ్యాహ్న భోజనం కూడా వాళ్ళతోనే చేయొచ్చు, ముందు రోజు ఎంతమంది వస్తున్నారో హెచ్‌ఎం గారికి చెబితే చాలు.