బేస్‌బాల్ ఆటగాడు ఎరిక్ క్రాట్జ్: బ్యాటింగ్ సగటు .209, జట్లు 9. క్యాచర్‌కి, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడికి, ఇంత గిరాకీ ఎందుకు?

గోదారి_గ్లవ్:
క్రాట్జ్ కెరీర్ చూస్తుంటే ఒక లెక్క తేలడం లేదు. 2002 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునేది) టొరంటో 29వ రౌండ్‌లో తీసుకుంది. మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ 2010 జూలై 17న, పిట్స్‌బర్గ్ తరఫున. అప్పటికే 30 నిండాయి. అక్కణ్ణుంచి 2020 దాకా 9 జట్లు. బ్యాటింగ్ చూస్తే అంతంతమాత్రం. మరి ఇన్ని క్లబ్బులు ఎందుకు పిలిచాయి?

ట్రిపుల్ఏ_రవి:
ముందు రూల్స్ చూడండి గ్లవ్ గారూ. 26 మంది జట్టులో మామూలుగా క్యాచర్లు ఇద్దరే. ఒకరికి వేలు విరిగితే మర్నాటికల్లా ఇంకొకరు కావాలి. అందుకే ట్రిపుల్ ఏలో (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింద) అనుభవమున్న మూడోవాణ్ణి ఉంచుకుంటారు. అలాంటివాడికి ఆప్షన్లు (అడ్డు లేకుండా కింది స్థాయికి పంపే అవకాశాలు) అయిపోయి ఉంటాయి, మళ్లీ కిందికి పంపాలంటే వెయివర్స్‌లో పెట్టాల్సిందే. మిగతా క్లబ్బుల్లో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. 2016 మార్చిలో హ్యూస్టన్ వాళ్లు డాన్ స్ట్రైలీని శాన్ డియేగోకి ఇచ్చి క్రాట్జ్‌ని తెచ్చుకున్నారు. జూన్‌లో ఆయన పిట్స్‌బర్గ్‌కి ఆడుతున్నాడు! ఆ ఏడు రెండు జట్లకీ పిచింగ్ (మన బౌలింగ్ లాంటిది) కూడా చేశాడు. మ్యాచ్ ఎలాగూ చేజారినప్పుడు పిచ్చర్ల చేతులు మిగల్చడానికి అలా చేయిస్తారు.

వికెట్ల_వెనక:
రూల్స్ వల్ల మొదటి పిలుపు వస్తుంది రవన్నా. రెండో పిలుపు రావాలంటే వచ్చిన వారంలోనే 12, 13 మంది పిచ్చర్లు ఆకళింపు కావాలి. మన క్రికెట్‌లో ఏ బంతి వెయ్యాలో బౌలరే చూసుకుంటాడు. ఇక్కడ ప్రతి బంతికీ క్యాచర్ సైగ చేస్తాడు.

కొత్త జట్టులో ముందు బుల్‌పెన్‌లో (పిచ్చర్లు సాధన చేసే చోట) కూర్చుని ఒక్కొక్కరి బంతులు పట్టాలి. స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) ఎక్కడ విరుగుతోంది, అలిసిపోతే ఫాస్ట్‌బాల్ ఎటు తప్పుతోంది, రెండు స్ట్రైక్‌లు పడ్డాక (మూడోది పడితే బ్యాటర్ అవుట్) అతనికి ఏ బంతి మీద నమ్మకం, ఇవన్నీ బుర్రలో పెట్టుకోవాలి. తర్వాత సైగలు, క్రాట్జ్ రోజుల్లో వేళ్లతో. రెండో బేస్ మీద రన్నర్ ఉంటే క్యాచర్ వేళ్లు అతనికి సూటిగా కనిపిస్తాయి. అందుకని నాలుగైదు సైగలు వరసగా చూపించి, వాటిలో రెండోదో మూడోదో అసలుదని ముందే అనుకుంటారు. ఆ వరస ఇద్దరిలో ఒకరు మరిచిపోతే అది క్రాస్-అప్. స్లైడర్ వస్తుందని క్యాచర్ గ్లవ్ బయటికి, కిందికి జరిపి ఉంటాడు. గంటకి 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ లోపలికి దూసుకొస్తుంది. గ్లవ్ అంచుకి కొడితే బొటనవేలు వెనక్కి వంగిపోతుంది. తగలకపోతే వెనకున్న అంపైర్‌కి దెబ్బ.

గోదారి_గ్లవ్:
మరి గ్లవ్ లేని చెయ్యి ఎక్కడ పెట్టాలి?

వికెట్ల_వెనక:
బేస్‌లు ఖాళీగా ఉంటే వీపు వెనకో, చీలమండ వెనకో. ఫౌల్ టిప్ (బ్యాట్ అంచుకి తగిలి వెనక్కొచ్చే బంతి) తగలకుండా. రన్నర్ ఉంటే అంత దూరం పెట్టలేం. రెండో బేస్ 127 అడుగుల పైచిలుకు, బంతి గ్లవ్‌లో పడ్డాక రెండు సెకన్లలో అక్కడికి చేరాలి. అందుకని చెయ్యి గ్లవ్ వెనకే ఉంటుంది, బొటనవేలు లోపలికి మడిచిన పిడికిలిలా. వేళ్లు చాచి ఉంచడమే అసలు తప్పు.

నల్గొండ_టు_ఎడిసన్:
భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలామంది కుర్ర పిచ్చర్లు లాటిన్ అమెరికా నుంచి వస్తారు. క్రాట్జ్ స్పానిష్ నేర్చుకుని వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడేవాడు. 2020 ఆగస్టులో యాంకీస్ (న్యూయార్క్ జట్టు) కుర్ర పిచ్చర్ డేవీ గార్సియా మొదటి మ్యాచ్ ఆడాక, అతని గురించి, ఇంకో కుర్ర పిచ్చర్ మిగెల్ యహురే గురించి చెబుతూ క్రాట్జ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకి 40 ఏళ్లు. అంత మనసు పెట్టేవాడు కాబట్టే వాళ్లు నమ్మారు.

బ్యాటింగ్ కూడా మరీ తీసిపారెయ్యకండి. 2018లో మిల్వాకీకి ఆడుతూ కొలరాడోతో ప్లేఆఫ్స్ సిరీస్‌లో 8కి 5 హిట్లు కొట్టాడు, 38 ఏళ్ల వయసులో.

ట్రిపుల్ఏ_రవి:
నిజమే, ఆ సిరీస్ మరిచేపోయాను. సైగల గురించి ఒక్క మాట. 2022లో పిచ్‌కామ్ అనే పరికరం వచ్చాక క్యాచర్ బటన్ నొక్కితే పిచ్చర్ టోపీలో వినపడుతుంది, స్పానిష్‌లో కూడా. క్రాట్జ్‌కి ఆ సదుపాయం లేదు, 9 జట్లలోనూ వేళ్లతోనే నడిపాడు.