ట్యాగు మొరాయిస్తే రెట్టింపు ఎవరు కట్టాలి?

కృష్ణాతీరం:
2026 సంక్రాంతికి ఊరు వెళ్తుంటే ఒక టోల్ గేటు దగ్గర నా ఫాస్టాగ్ పలకలేదు. చేతి స్కానరుతో ఒక కుర్రాడు వచ్చి, అద్దానికి మూడుసార్లు ఆనించి చూసి, "బ్లాక్‌లిస్టులో ఉంది సార్" అన్నాడు. ఫోను తీసి 640 రూపాయల నిల్వ చూపించాను. తల అడ్డంగా ఊపాడు. వెనక హారన్ల మోత. యూపీఐతో కడదామంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి నగదు ఇచ్చాను, రెట్టింపు. మర్నాడు బ్యాంకుకు ఫోను చేస్తే కేవైసీ (గుర్తింపు వివరాల నిర్ధారణ) పెండింగులో ఉందట! నాకు ఒక్క సందేశమూ రాలేదు. డబ్బు చేతిలో పెట్టినవాడికి జరిమానా ఏమిటి? నా దృష్టిలో ఇది దోపిడీ.

పదిటైర్లు:
నాకు ఆరు లారీలున్నాయి. నగదు రోజులు మీరు మరిచిపోయినట్టున్నారు. విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు సరుకు వెళ్తుంటే టోలుకని డ్రైవరు చేతికి విడిగా డబ్బిచ్చి పంపేవాళ్లం. తిరిగొచ్చాక రసీదుల కట్ట ముందేసుకుని లెక్క చూడాలి. సగం రసీదులు జేబులో చెమటకు తడిసి అంకెలు చెరిగిపోయేవి. ఇప్పుడు బండి గేటు దాటితే నా ఫోనుకు సందేశం వస్తుంది. ఎంత పోయిందో, బండి ఎక్కడుందో రెండూ తెలుస్తాయి. 2021 ఫిబ్రవరిలో ట్యాగు తప్పనిసరి చేసి, లేకపోతే రెట్టింపు అన్నాకే మా వీధిలో సగం బండ్లకు ట్యాగులు పడ్డాయి. నన్నడిగితే నగదు వరుసే ఎత్తేయాలి.

చుక్కాని:
పదిటైర్లు గారూ, మీ లెక్క మీకు కుదిరింది. 2025 నవంబరు 15 నుంచి వచ్చిన మార్పు చూడండి. చెల్లే ట్యాగు లేకపోతే యూపీఐకి ఒకటింబావు వంతు, నగదుకు రెట్టింపు అని పెట్టారు. వంద రూపాయల టోలుకు ఒకరు 125 కడితే ఇంకొకరు 200 కడతారు. ఇద్దరిదీ ఒకే తప్పు. మా నాన్నగారు మీటల ఫోను వాడతారు, పాత కారు ఇప్పటికీ తామే నడుపుతారు. ఆయన మీద పడే ఆ 75 రూపాయలు ట్యాగు లేనందుకు కాదు, స్మార్ట్‌ఫోను లేనందుకు.

డాలస్ బాబాయి:
ఇక్కడి టోలు దారుల మీద గేటే ఉండదు. ట్యాగు లేకపోతే నంబరు ప్లేటు ఫోటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు. ధర ఎక్కువే గానీ దారిలో ఎవరితోనూ పేచీ ఉండదు. ఇల్లు మారినప్పుడు బిల్లు పాత చిరునామాకు వెళ్తే మాత్రం చూడాలి తమాషా!

మియాపూర్ మిత్రుడు:
ఇంత చర్చ ఎందుకండీ? వార్షిక పాసు తీసుకోండి. ఏడాదిలోగా 200 సార్లు గేటు దాటొచ్చు.

పదిటైర్లు:
అది సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. మా లారీలకు లేదు. మీ ఔటర్ రింగ్ రోడ్డు మీదా చెల్లదు. అయినా బ్లాక్‌లిస్టులో పడ్డ ట్యాగు మీద పాసు ఎలా పనిచేస్తుంది?

మాజీ బూత్:
రెండేళ్లు టోల్ బూత్‌లో కూర్చున్నాను, ఎక్కువగా రాత్రి షిఫ్టులే. నేను చూసిన తెర మీద ట్యాగు బ్లాక్‌లిస్టులో ఉందని మాత్రమే వచ్చేది. నిల్వ చాలలేదా, కేవైసీయా, బ్యాంకు పొరపాటా అన్నది మాకు తెలిసేది కాదు. కిటికీ అవతల మనిషి మాత్రం ఆ జవాబు మా దగ్గరే ఉందనుకుని అరిచేవాడు. ఒకాయన నాణేలు నా ముఖాన విసిరాడు.

2018 నుంచి ఒక నిబంధన ఉంది. ట్యాగు చెల్లుబాటులో ఉండి, నిల్వ సరిపడా ఉండి, గేటు యంత్రమే పనిచేయకపోతే డబ్బు తీసుకోకుండా వదలాలి, సున్నా రసీదు ఇవ్వాలి. ఇది తెలిసి అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కృష్ణాతీరం గారికి మాత్రం ఇది పనికిరాదు. యంత్రం ట్యాగును చదివింది, ఆపింది బ్యాంకు. మెలిక అక్కడే ఉంది. గేటు తప్పయితే గేటుకు నష్టం. డ్రైవరు తప్పయితే డ్రైవరుకు నష్టం. బ్యాంకు తప్పయితే? అదీ డ్రైవరుకే! నగదు కౌంటరు ఉంచినా తీసేసినా ఇది మారదు. ట్యాగు ఆపే ముందు సందేశం పంపామని బ్యాంకు చూపలేకపోతే ఆ అదనపు డబ్బు అదే కట్టాలని నిబంధన పెట్టమనండి, కేవైసీ సందేశాలు ఎంత ఠంచనుగా వస్తాయో చూద్దాం.

పదిటైర్లు:
దీనికి నా ఓటు కూడా. చుక్కాని గారి నాన్నగారి మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కృష్ణాతీరం:
అనవసరంగా ఆ కుర్రాణ్ని కసిరాను. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేస్తే ఏమైనా ఫలితం ఉంటుందా?

మాజీ బూత్:
ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. రసీదు దాచారా?

కృష్ణాతీరం:
కారులోనే దొరికింది, అరిసెల డబ్బా కింద. నూనె మరక పడింది గానీ తేదీ, సమయం, కట్టిన మొత్తం కనిపిస్తున్నాయి.